సంతకం నేర్చుకున్న వేళ్ళు

చదువు రాని మనిషిని తక్కువ చేయడానికి మన ఊళ్ళల్లో 'వేలిముద్రగాడు' అంటారు. ఆడవాళ్ళని ప్రత్యేకంగా అలా అనాల్సిన పనే ఉండేది కాదు, ఆడవాళ్ళంటేనే వేలిముద్ర అనుకునేవాళ్ళు కాబట్టి. ఎవరింట్లోనైనా పాత భూమి దస్తావేజులు తీసి చూడండి. మగవాళ్ళ పేర్ల దగ్గర వంకరో టింకరో చేవ్రాలు ఉంటుంది. తల్లి పేరో, భార్య పేరో, మేనత్త పేరో ఉన్నచోట 'నిశానీ' అని రాసి పక్కన ఒక సిరా మరక. ఆ కాగితంలో ఏముందో ఆవిడకి ఎవరు చదివి వినిపించారు? చదివింది ఉన్నదున్నట్టే చదివారా? తన వాటా వదులుకుంటున్నానని తెలిసి వేసిందా, తెలియకుండా వేసిందా? కాగితం చెప్పదు.

1990ల మొదట్లో మన జిల్లాల్లో స్త్రీలు పగలంతా కూలిపని చేసి, రాత్రిపూట లాంతరు ముందు కూచుని, ఈ నిశానీ నుంచి బయటపడటానికి పలక పట్టారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి రాజ్యం ఆ చేతుల్లోంచి కలం తీసి పక్కన పెట్టి మళ్ళీ వేలు చూపించమంది. ఈసారి సిరా లేదు, గాజుబిళ్ళ ఉంది. దీనికి డిజిటల్ పాలన అని పేరు పెట్టారు. ఆ పాలన గురించి మాట్లాడే పెద్దలు ఎప్పుడూ మూడు మాటలు వాడతారు: భద్రత, నమ్మకం, అవకాశం. మూడింటికీ మధ్య సమతూకం ఉండాలంటారు. ఉండాలి, కాదనం. కానీ తక్కెడ ఎవరు పట్టుకున్నారు, ఏ పళ్ళెంలో ఎవరిని కూచోబెట్టారు అన్నది ఎవరూ చెప్పరు. అది తెలుసుకోవడానికి వేలిముద్ర చరిత్రకి మించిన దారి నాకు కనిపించలేదు.

వేలిముద్ర పాలనలోకి వచ్చింది ఎక్కడో యూరప్‌లో కాదు, మన దేశంలోనే. 1858 జూలైలో, సిపాయిల తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారక ముందే, బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డుకి కంకర తోలే పని కోసం రాజ్యధర్ కొనాయ్ అనే ఆయనతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. కొనాయ్‌కి చదువొచ్చు. ఒప్పంద పత్రం తన చేత్తో తనే రాశాడు. తీరా సంతకం పెట్టబోయే వేళకి హెర్షెల్ ఆపి, అతని అరచేతికి రంగు పూయించి కాగితం వెనక అద్దించాడు. ఎందుకు? మనిషిని గుర్తుపట్టడానికి కాదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి, 1916లో అచ్చయిన పుస్తకంలో హెర్షెల్ తనే చెప్పుకున్నాడు - ఆ సంతకం నాది కాదని రేపు అనకుండా అతన్ని భయపెట్టడానికి. అంటే చదువొచ్చిన మనిషి సంతకాన్ని కూడా నమ్మని పాలకుడు అతని శరీరాన్ని హామీగా తీసుకున్నాడు. నేను ఈ విషయం చదివినప్పటి నుంచి నాకు 'సెక్యూరిటీ' అన్న మాట వినపడితే రెండర్థాలూ కలిసే వినపడుతున్నాయి - భద్రత, తాకట్టు.

1877లో హెర్షెల్ హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దస్తావేజుల రిజిస్ట్రేషనుకీ, జైలుకీ, పింఛన్లకీ వేలిముద్ర పెట్టించాడు. పింఛనుదారు పోయాక ఆ పేరుతో వేరేవాళ్ళు డబ్బు తీసుకుంటున్నారన్నది అనుమానం. నూట నలభై ఏళ్ళ తర్వాత మన ఊళ్ళో ముసలమ్మ 'నేను బతికే ఉన్నాను' అని యంత్రానికి నిరూపించుకోవాల్సి రావడానికి మూలం అక్కడుంది. తర్వాత కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు ముద్రల్ని వర్గీకరించే పద్ధతి తయారుచేయడంలో పెద్ద పని చేశారు, దానికి పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది.

ఈ పద్ధతి మొదట ఎవరి మీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన తెగల వాళ్ళ పేర్లు నమోదు చేసి వేలిముద్రలు తీసుకునే అధికారం ఆ చట్టం ఇచ్చింది. అప్పటి గుంటూరు జిల్లాలోని స్టువర్టుపురం ఆ రోజుల్లో పుట్టిందే. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఊరు దాటాలంటే అనుమతి, తిరిగొస్తే హాజరు. ఉప్పూ కరివేపాకూ గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న తెగ ఆడవాళ్ళకి తిరగడమే జీవనాధారం. ఆ తిరగడమే నేరమైంది. 1952లో ఆ చట్టం పోయింది. పేరు పోలేదు.

వేలిముద్రకి ఎదురు తిరిగిన మొదటి పెద్ద ఉద్యమం కూడా భారతీయులదే, అయితే సముద్రానికి అవతల. మద్రాసు రేవు నుంచి మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు కూడా ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్ళిన దక్షిణాఫ్రికాలో, ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం 1906లో ఒక ఆర్డినెన్స్ ముసాయిదా తెచ్చింది. ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి భారతీయుడూ, స్త్రీలతో సహా, పేరు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇచ్చి పత్రం దగ్గర పెట్టుకోవాలి. ఆ సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సభ సత్యాగ్రహానికి పుట్టిన రోజు. ఈ కథ మనం స్కూల్లో చదువుకున్నాం. చదువుకోనిది ఇంకొకటి ఉంది. ఆ ముసాయిదాలోంచి స్త్రీలని తీసేశారు. ఎలా తీసేశారంటే, తన భార్యని ఎవడైనా పత్రం అడిగితే కాల్చేస్తానని ఒకాయన ఆవేశపడ్డట్టు గాంధీయే రాశారు. ప్రభుత్వానికి మగవాళ్ళ పరువు బాధ అర్థమైంది. స్త్రీకి తన శరీరం మీద హక్కుందని ఆ చర్చలో ఏ పక్షమూ అనలేదు. 1913 మార్చిలో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవని అక్కడి న్యాయమూర్తి సర్ల్ తీర్పిచ్చాక, కాగితాల్లో తాము భార్యలు కూడా కాకుండా పోయాక, ఆ స్త్రీలు తామే రోడ్డెక్కారు, జైళ్ళకెళ్ళారు.

ఇంకో సంగతి. 1908 మొదట్లో గాంధీ జనరల్ స్మట్స్‌తో రాజీ కుదుర్చుకుని, బలవంతం లేకపోతే వేలిముద్ర ఇవ్వడానికి అభ్యంతరం లేదని తనే ముందుకెళ్ళాడు. మీర్ ఆలం అనే పఠాన్ ఆయన్ని రోడ్డు మీద కొట్టి పడేశాడు. ఇష్టపడి ఇచ్చిన ముద్రకీ గుంజుకున్న ముద్రకీ తేడా ఉందని గాంధీ వాదన. ప్రభుత్వం మాట తప్పాక అదే ఏడాది ఆగస్టు 16న హమీదియా మసీదు ముందు రెండు వేల పైచిలుకు పత్రాలు తగలబెట్టారు. ఇష్టం అనేది రెండో రోజున వెనక్కి తీసుకునే వీలుంటేనే ఇష్టం అన్న సంగతి స్త్రీలకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నెల్లూరు సంగతికి రావాలి. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 32.7 శాతం. ఆ ఏడాది నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. ఆ తర్వాత జరిగింది మనందరికీ తెలుసు - దూబగుంట, వర్ధినేని రోశమ్మ, సారా పాటలు ఆపడం, 'ఆడవాళ్ళు ఏకమైతే' పాఠం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. దీని మీద మన వాళ్ళు చాలా రాశారు కాబట్టి నేను మళ్ళీ చెప్పను. నేను పట్టుకోదలచింది చిన్న విషయం. చదువుకి వచ్చిన ఆడవాళ్ళని ముందేం నేర్చుకుంటారంటే, ఎక్కువమంది అడిగేది తమ పేరు రాయడం. ఈ అక్షరాస్యతని చదువుకున్నవాళ్ళం వెక్కిరించాం కూడా: 'సంతకం పెట్టడం వస్తే అక్షరాస్యులేనా?' అని. లెక్కల కోసం చేసే ప్రభుత్వాన్ని వెక్కిరించడం సరే. కానీ ఆ సంతకం ఆవిడకి ఏమిటో మనకి సరిగ్గా అర్థం కాలేదేమో. నిశానీ వేయాలంటే ఇంకొకరు వేలు పట్టుకుని సిరాలో ముంచి కాగితం మీద ఒత్తుతారు. సంతకం చేయాలంటే తనే కలం పట్టుకోవాలి, కాగితం తన వైపు తిప్పుకోవాలి. తిప్పుకున్న కాగితంలో ఏముందో అడగాలనిపిస్తుంది. చేయనని కలం కింద పెట్టేయొచ్చు కూడా.

ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు సంఘాలొచ్చాయి. అవీ నెల్లూరులో పొదుపులక్ష్మి పేరుతోనే జోరందుకున్నాయి. తీర్మానాల పుస్తకంలో పది పదిహేను సంతకాలు, బ్యాంకులో ఇద్దరు లీడర్ల సంతకాలు. ప్రపంచబ్యాంకు లెక్కల్లో మన ఆడవాళ్ళు ఎలా ఇరుక్కున్నారు, సంఘాల్ని అప్పుల కంపెనీలు ఎలా వాడుకున్నాయి అన్నది వేరే వ్యాసం. కానీ ఆ పుస్తకం వాళ్ళు చదవగలిగిన పుస్తకం. తప్పుంటే వేలు పెట్టి చూపించగలిగిన పుస్తకం. వేలికి అది మంచి పని.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. అదే ఏడాది మన రాష్ట్రం సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. కూలీల ఇళ్ళల్లోంచి వచ్చిన చదువుకున్న పిల్లలే ఇల్లిల్లూ తిరిగి, మస్టర్ల నకళ్ళు పట్టుకుని, 'నువ్వు ఇన్ని రోజులు పనిచేశావని రాశారు, ఇంత కూలి తీసుకున్నావని రాశారు, నిజమేనా?' అని అడిగేవాళ్ళు. తర్వాత మండలం సభలో అందరి ముందూ చదివేవాళ్ళు. 'నేనా రోజు పనికే రాలేదు, ఆ వేలిముద్ర నాది కాదు' అని ఒకామె లేచి చెప్తే ఫీల్డ్ అసిస్టెంటు సమాధానం చెప్పుకోవాలి. నమ్మకం అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఇది. ఆమె ప్రభుత్వాన్ని నమ్మడం కాదు, ప్రభుత్వం ఆమెకి లెక్క అప్పజెప్పడం.

యంత్రం వచ్చింది కూడా ఈ రోజుల్లోనే. దీని గురించి న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే మన వ్యాసాల్లో యంత్రం అనగానే దుష్టపాత్ర అయిపోతుంది. పోస్టాఫీసులో కూలి డబ్బు కోసం రోజుల తరబడి తిరిగి, వచ్చినదాంట్లో కొంత పోస్ట్‌మాస్టరుకో మేస్త్రీకో వదులుకున్న ఆడవాళ్ళకి పాత కాగితపు రోజులేమీ స్వర్ణయుగం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 నుంచి ఉపాధి కూలి, పింఛన్లు ఇవ్వడానికి వేలిముద్రలతో నడిచే స్మార్ట్‌కార్డులు మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో 157 మండలాల్లో దీన్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో జారిపోయే డబ్బు తగ్గింది, 90 శాతం పైగా లబ్ధిదారులు పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు.

ఎందుకు మేలైంది? రెండు కారణాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. యంత్రం పట్టుకున్న మనిషి ఎక్కువ చోట్ల ఆ ఊరి స్వయంసహాయక సంఘం మనిషి, పదో తరగతి దాకా చదువుకున్న ఆడపిల్లో కోడలో. డబ్బు ఊళ్ళోకి వచ్చింది, ఎదురింటి మనిషి చేతుల్లోంచి వచ్చింది. గొడవపడాలన్నా ఆ అమ్మాయి ఇంటికెళ్ళి గొడవపడొచ్చు. రెండోది, వేలిముద్ర పడని వాళ్ళకీ కార్డు రానివాళ్ళకీ కూలి ఆపేయలేదు. రెండేళ్ళయ్యాక కూడా కార్డులు మొదలైన మండలాల్లో దాదాపు సగం చెల్లింపులు కార్డు లేకుండానే జరిగాయి. అధికారుల దృష్టిలో ఇది లోపం. యంత్రం ఒప్పుకోకపోతే మనిషి ఒప్పుకునే దారి తెరిచి ఉంది. ఆ దారి వల్లే ఆ పథకం నిలబడిందని నా అభిప్రాయం.

ఆధార్ వచ్చి మూసింది ఆ దారినే. 2009 జనవరిలో సంస్థ ఏర్పాటైంది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లా తెంభ్లీలో మొదటి నంబరు ఇచ్చారు. ఆదివాసీ స్త్రీకి. ఫోటోలకి అలాంటి ముఖం కావాలి కదా. అప్పుడు ఆధార్ ఐచ్ఛికం అన్నారు. లేనంత మాత్రాన ఎవరికీ నష్టం జరగకూడదని 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2016 మార్చిలో రాజ్యసభకి పెద్దగా పని లేకుండా ద్రవ్య బిల్లుగా చట్టం చేశారు. 2017 మొదటి నెలల్లో వరసగా నోటిఫికేషన్లు. మధ్యాహ్న భోజనానికి ఆధార్, భోపాల్ గ్యాస్ బాధితుల పరిహారానికి ఆధార్. స్త్రీల అక్రమ రవాణా నుంచి బయటపడినవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఉజ్వల పథకానికీ ఆధార్. పాత పేరూ పాత ఊరూ వెంటాడకుండా తప్పించుకోవడమే ప్రాణంగా ఉన్న స్త్రీని, ఎప్పటికీ మారని ముద్రతో పుట్టిన పేరుకి కట్టేస్తే తప్ప అన్నం పెట్టమన్నారు. ఆమెకి ఏది భద్రత?

ఆ నోటిఫికేషన్ల మీద కోర్టుకెళ్ళినవాళ్ళలో ఇద్దరు స్త్రీలు మనకి బాగా కావలసినవాళ్ళు. ఒకరు స్త్రీవాద పరిశోధకురాలు కల్యాణీ మీనన్ సేన్. రెండోవారు శాంతా సిన్హా. నెల్లూరులో పుట్టి, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికి పోయే పిల్లల్ని బడికి తీసుకొచ్చే ఉద్యమం నడిపి, జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలిగా పనిచేసిన మనిషి. గుర్తింపు కాగితం లేదని పిల్లని బడి గుమ్మం దగ్గర ఆపితే ఏమవుతుందో ఆమెకంటే తెలిసినవాళ్ళు తక్కువ. 2017 జూన్ చివర్లో సుప్రీంకోర్టు సెలవుల బెంచి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఉత్త భయాల మీద ఉత్తర్వులివ్వలేం, నష్టపోయిన వ్యక్తిని చూపించండి అన్నది దాని సారాంశం. మూడు నెలలు గడిచాయి. సెప్టెంబరు 28న జార్ఖండ్ సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ళ దళిత బాలిక చనిపోయింది. ఆధార్ జత చేయలేదని రేషను కార్డు తీసేశారనీ, రోజుల తరబడి ఇంట్లో తిండి లేదనీ, అన్నం కోసం అడుగుతూనే ప్రాణం వదిలిందనీ తల్లి చెప్పింది. మలేరియా అని ప్రభుత్వం అంది. ఆకలికి సాక్ష్యం చెప్పే యంత్రం లేదు.

ఆ జార్ఖండ్‌లోనే, స్మార్ట్‌కార్డుల మీద పనిచేసిన ఆ ముగ్గురు ఆర్థికవేత్తలే రేషను దుకాణాల్లో ఆధార్ యంత్రాల్ని పరిశీలించారు. ఈసారి ఫలితం వేరు. ఆధార్ జత కాని కుటుంబాలకి అందే సరుకు సగటున 10 శాతం తగ్గింది, వాళ్ళలో 2.8 శాతం మందికి అసలేమీ అందలేదు. పరిశోధకులు మారలేదు. వేలూ వేలే. మారింది ప్రభుత్వం దేనికోసం యంత్రం పెట్టిందన్నది. ఇక్కడ కూలి అందించడానికి, అక్కడ దొంగల్ని ఏరడానికి.

వేళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది శరీరానికి సంబంధించిన విషయం. నిజామాబాదులో రోజుకి వెయ్యి బీడీలు చుట్టే చేతికి, గుంటూరులో మిరపకాయ తొడిమలు తీసే చేతికి, సున్నం కలిపే చేతికి, నలభై ఏళ్ళు బూడిదతో గిన్నెలు తోమిన చేతికి గీతలు మిగలవు. యంత్రం ఎవరి వేళ్ళని ఊహించుకుని తయారైందో వాళ్ళెప్పుడూ గిన్నెలు తోమలేదు. రేషను షాపు దగ్గర ఒక పూట నిలబడితే కనిపిస్తుంది - కొంగుకి తుడుచుకుని ఒకసారి, తలనూనెకి రుద్దుకుని ఇంకోసారి, బొటనవేలు కాదని చూపుడువేలు, కుడి కాదని ఎడమ. డీలరు విసుక్కుంటాడు, వెనకాల లైను గొణుగుతుంది. పని చేసిన గుర్తే పనిచేసిన మనిషిని గుర్తుపట్టనివ్వదు. 2018లో ఆధార్ సంస్థ అధికారే సుప్రీంకోర్టు ముందు చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ సేవల్లో గుర్తింపు సఫలమయ్యేది 88 శాతం. మిగిలిన 12 మంది సంగతేమిటి? ఫోనుకి ఓటీపీ వస్తుంది కదా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉందని చెప్పిన స్త్రీలు దేశం మొత్తం మీద 54 శాతం. మిగతావాళ్ళ ఓటీపీ మొగుడి జేబులోనో కొడుకు చేతిలోనో మోగుతుంది.

ఇంత చేసి తీసుకున్న సమాచారాన్ని దాచారా? 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ కోసం అంబర్ సిన్హా, కొడాలి శ్రీనివాస్ ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో 13 కోట్లకి పైగా ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని తేల్చారు. ఆ నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టలు, చంద్రన్న బీమా. 2018లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు వాళ్ళ కులం, మతంతో సహా బయటపడ్డాయి. అదే ఏడాది తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులమ్మే ఒకతను చేసిన పని వింటే హెర్షెల్ నవ్వుకునేవాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రల్ని రబ్బరు ముద్రలుగా చేయించి, వాటితో వేలకొద్దీ సిమ్‌లు తెరిచాడు. మన తల్లులు, అత్తలు రిజిస్ట్రారు ఆఫీసు బల్ల మీద వేసిన నిశానీలు అలా తిరిగొచ్చాయి. సంతకం దొంగిలిస్తే సంతకం మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు నలుగురు అవును, ఒకరు కాదు అన్న తీర్పుతో ఆధార్ చట్టాన్ని నిలబెట్టింది. ప్రైవేటు కంపెనీలు అడగకూడదంది, పిల్లల చదువుకి తప్పనిసరి కాదంది, అవి మంచివే. కానీ సంక్షేమ పథకాలకి మాత్రం అడగొచ్చంది. ఎందుకంటే పేదవాళ్ళ విషయంలో రెండు గౌరవాలు ఎదురెదురుగా నిలబడ్డాయట: ఆంతరంగికత వల్ల వచ్చే గౌరవం, ఆకలి తీరడం వల్ల వచ్చే గౌరవం. రెండింటినీ తూచి రెండోది బరువని తేల్చారు. సమతూకం అంటే ఇదే. ఏడాది కిందటే, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆంతరంగికత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. అప్పుడు జస్టిస్ చంద్రచూడ్, ఈ హక్కు ఉన్నవాళ్ళకే కావాలి పేదవాళ్ళకి అన్నముంటే చాలు అన్న వాదనని గట్టిగా తోసిపుచ్చారు. 2018లో ఒంటరిగా వ్యతిరేక తీర్పు రాసిందీ ఆయనే. బ్యాంకు ఖాతా ఉన్న నాలాంటివాళ్ళకి ఈ రెండింట్లో ఒకటి ఎంచుకొమ్మని ఎవరూ చెప్పలేదు. నా ఆంతరంగికత ఒక పళ్ళెంలో, నా రాత్రి భోజనం ఇంకో పళ్ళెంలో ఎవరూ పెట్టలేదు. పెట్టింది రేషను కార్డున్న స్త్రీకి మాత్రమే.

ఉపాధి హామీలో మొత్తం పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవే. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకి రెండుసార్లు ఫోను యాప్‌లో ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే పని ముగించుకుని ఇంటికెళ్ళి వంట చేసుకునే ఆడవాళ్ళు రెండో ఫోటో కోసం ఆగాల్సి వచ్చింది. గడువు పలుమార్లు పొడిగించి, 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో ముడిపెట్టిన చెల్లింపు తప్పనిసరి అన్నారు. జాబ్‌కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే కూలి ఆగుతుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారేది ఎవరికో వేరే చెప్పాలా? పుట్టింటి పేరుతో ఒక కార్డు, అత్తింటి పేరుతో ఇంకో కార్డు. మనం ముప్ఫై ఏళ్ళుగా ఇంటిపేరు మార్పు మీద సిద్ధాంత చర్చలు చేస్తూనే ఉన్నాం, కంప్యూటరు ఆ చర్చని కూలి డబ్బులతో తేల్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది.

2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మన అనుమతి లేకుండా మన సమాచారం ఎవరూ వాడకూడదంటుంది. సబ్సిడీలు, పథకాలు ఇచ్చే ప్రభుత్వానికి మాత్రం చాలాచోట్ల ఆ అనుమతి అక్కర్లేదంటుంది. అదే చట్టం సమాచార హక్కు చట్టంలో ఒక సెక్షను కూడా మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చు అని ఆ సెక్షనులో ఉన్న మాటలు తీసేశారు. 2025 నవంబరులో ఈ మార్పు అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం పేరుతో అడిగే దారి ఆ చట్టంలో వేరేచోట ఇంకా ఉంది గానీ, ఇవ్వదలచుకోని అధికారికి ఒక సాకు దొరికింది. మస్టర్లలో పేర్లు, రోజులు, కూలి మొత్తాలు వ్యక్తిగత సమాచారమే కదా అనొచ్చు. అలా అంటే ఊరి సభలో లేచి 'ఆ వేలిముద్ర నాది కాదు' అని చెప్పడానికి ఆమెకి చదివి వినిపించే కాగితం ఉండదు. పాత దస్తావేజుల మీది నిశానీలేమో దించుకున్నవాళ్ళ దగ్గరల్లా అలాగే ఉన్నాయి.